ఎడిసన్ మహాశయుడు: గుడారాలలో వెలిగిన దీపం

థామస్ ఆల్వా ఎడిసన్ పేరు వినగానే మన మనస్సులో మెదిలేది విద్యుద్దీపము. ప్రాథమిక పాఠశాల వాచకం మొదలుకొని ఆయనను ఆ గాజుబుడ్డితోనే ఎరుగుదుము. ఆ తరువాత పాట పాడే యంత్రము, కదలే బొమ్మలు. కాని ఆయన జీవితంలో పది సంవత్సరాల కాలాన్ని, అపారమైన ధనాన్ని మింగివేసిన వస్తువు వీటిలో ఏదియు కాదు. అదొక చిన్న ఉక్కు డబ్బా. దానిలో నికెలు, ఇనుము, క్షారద్రావణము. భౌతికశాస్త్ర పాఠ్యగ్రంథంలో ఎడిసన్ ఘటమన్న పేరుతో ఒక పేరాలో చదివి, పరీక్ష ముగిసిన మరునాడే మనం మరచిపోయేది దానినే.

విద్యుత్ తీగ చేరని చోట రాత్రిని గడపవలసిన మనిషికి దీపమెట్లా ఇవ్వాలన్నదే ఆ డబ్బా వెనుకనున్న ప్రశ్న. నేడు ఇల్లువంటి మోటారు వాహనంలో భార్యాబిడ్డలతో దేశాలు తిరిగేవారు అమెరికా, ఐరోపాలలో లక్షలాదిగా ఉన్నారు. ఆ వాహనంలో వంటగది, పడకలు, శీతలపేటిక అన్నీ ఉంటవి. అన్నిటికీ ప్రాణం అడుగున దాగిన బ్యాటరీ. అది ఖాళీ అయినప్పుడు దేనితో, ఎన్ని వోల్టుల వద్ద నింపవలెనన్నది వారికి నిత్యం ఎదురయ్యే చిక్కు. ఈ చిక్కులోని మర్మం ఎడిసన్ జీవితంలో ఉన్నంత స్పష్టంగా ఏ పాఠ్యగ్రంథంలోను నాకు కనిపించలేదు.

ఎడిసన్ 1847 ఫిబ్రవరి 11న ఒహాయో రాష్ట్రంలోని మిలాన్ అనే ఊరిలో జన్మించినాడు. ఏడేండ్ల ప్రాయంలో కుటుంబం మిషిగన్‌లోని పోర్ట్ హ్యూరన్‌కు తరలిపోయినది. బడిలో చదివినది కొద్ది నెలలే; ఒకప్పుడు ఉపాధ్యాయినిగా పనిచేసిన తల్లి నాన్సీ ఇంటివద్దనే చదువు చెప్పినది. పన్నెండేండ్లకే పోర్ట్ హ్యూరన్, డెట్రాయిట్‌ల నడుమ నడిచే రైలులో పత్రికలు, తినుబండారాలు అమ్ముతూ, సామాను పెట్టెలో ఒక మూల రసాయన ప్రయోగశాల పెట్టుకొన్నాడు. అందులో నిప్పంటుకొన్నందున రైలు ఉద్యోగి సీసాలతోసహా దింపివేసినాడు. చిన్ననాటనే మొదలైన చెవుడు ఆయనను జీవితాంతం విడువలేదు. 1862లో మౌంట్ క్లెమెన్స్ స్టేషనులో రైలు పెట్టె క్రింద పడబోతున్న స్టేషను మాస్టరు కుమారుని ఎడిసన్ ప్రక్కకు లాగి కాపాడినాడు. కృతజ్ఞతతో ఆ తండ్రి ఆయనకు టెలిగ్రాఫ్ విద్య నేర్పినాడు.

ఆ కాలంలో టెలిగ్రాఫ్ పని అంటే గాజుపాత్రలలో అమర్చిన విద్యుత్ ఘటాలతో సహవాసమే. జింకు పలక అరిగిపోవుట, ద్రావణం ఎండిపోవుట, కొక్కెములకు చిలుము పట్టుట, ఇవన్నీ ఆ కుర్రవాని దినచర్యలో భాగములు. లూయివిల్ నగరంలో రాత్రి ఉద్యోగం చేస్తున్న కాలంలో, తెల్లవార్లు తీరిక దొరికినప్పుడల్లా సొంత ప్రయోగాలు చేసేవాడు. 1867లో ఒక రాత్రి సీసపు ఘటముతో ప్రయోగం చేస్తుండగా గంధకికామ్లం నేలమీద ఒలికినది. అది చెక్కల సందులలోనుంచి కారి, క్రింది అంతస్తులో అధికారి బల్లమీద పడినది. మరునాటి ఉదయం ఎడిసన్ ఉద్యోగం ఊడినది. సీసానికీ ఆమ్లానికీ ఆయనతో వైరం ఆ రాత్రే మొదలైనదని నేననుకొంటాను. ఇది నా ఊహ మాత్రమే. ఆ పిమ్మట జరిగిన కథ చదివితే పాఠకులకును అట్లే తోచవచ్చును.

1876లో మెన్లో పార్క్ ప్రయోగశాల, 1877లో ఫోనోగ్రాఫ్, 1879లో బొగ్గుపోగు దీపము, 1882 సెప్టెంబరు 4న న్యూయార్కులోని పెర్ల్ వీధిలో 110 వోల్టుల ఏకముఖ విద్యుత్తు కేంద్రము. ఇవి జగద్విదితములు కనుక వీటివద్ద ఆగను. కాని పెర్ల్ వీధి దీపాలు తీగ పోయినంత దూరమే వెలిగినవి. తీగకు ఆవలనున్న చీకటికి సంచాయక ఘటం తప్ప వేరు మార్గం లేదు. ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే 1859లో సీసపు ఘటాన్ని కనిపెట్టగా, 1881లో కమిల్ ఫోర్ దానిని మెరుగుపరచినాడు. వెంటనే దానిపై వాటాలు అమ్ముకొనే వ్యాపారులు బయలుదేరినారు. ఎడిసన్ మండిపడినాడు. సంచాయక ఘటం పెట్టుబడిదారుల కండ్లలో దుమ్ము కొట్టే సాధనమని, దాని జోలికి పోయిన మనిషిలో దాగిన అబద్ధమాడే గుణం బయటపడునని 1883లో బహిరంగంగానే నిందించినాడు.

అటువంటి మనిషి పదహారేండ్ల తరువాత, 1899లో, అదే పనికి పూనుకొన్నాడు. అప్పటికి ఆయనకు యాభైరెండేండ్లు. న్యూజెర్సీ కొండలలో ఇనుప ఖనిజాన్ని అయస్కాంతాలతో వేరుచేసే మహాప్రయత్నం మునిగిపోయి, ఎంతో ధనం మట్టిపాలైనది. ఆ రోజులలో వీధులలో తిరిగే మోటారు బండ్లలో ఆవిరివి, గాసొలిన్‌వి, విద్యుత్తువి సమానంగా పోటీ పడుచుండెను. విద్యుత్ బండి పొగ లేనిది, చప్పుడు లేనిది, చేతితో త్రిప్పి నడుం విరుగగొట్టుకొనే పని లేనిది. దాని లోపమంతా దాని బ్యాటరీయే. సీసం బరువు, ఆమ్లం చుట్టుప్రక్కల లోహాన్ని తినివేయును. ఖాళీ అయిన ఘటాన్ని అట్లే వదలివేసినచో పలకలపై సీసపు సల్ఫేటు గట్టిపడి మరల కరుగదు. మితిమీరి ఆవేశపరచినచో పలకల పదార్థం రాలి అడుగున చేరును.

యజమాని మరచిపోయినను, అతిగా నింపినను, అడుగంటా వాడినను చెడని ఘటం కావలెనని ఎడిసన్ సంకల్పించినాడు. ఆమ్లానికి బదులు క్షారం, సీసానికి బదులు ఇనుము, నికెలు అన్న నిర్ణయానికి వచ్చుటకే వేలాది ప్రయోగాలు పట్టినవి. న్యాయం కోసం ఒక మాట చెప్పవలెను. స్వీడను దేశపు వాల్డెమార్ యుంగ్నర్ అదే కాలంలో, అదే మార్గంలో నికెలు ఘటాలు నిర్మించినాడు. ఇద్దరికీ పేటెంటు తగాదాలు నడిచినవి. కీర్తి ఎడిసన్‌కు దక్కినది. మన పాఠ్యగ్రంథాలలో యుంగ్నర్ పేరు లేకపోవుట అన్యాయమే.

1901లో ఎడిసన్ స్టోరేజ్ బ్యాటరీ కంపెనీ ఏర్పడినది. 1903లో ఘటములు అంగడికి వచ్చినవి. ఇక సీసపు ఘటానికి కాలం చెల్లినదని ఎడిసన్ పత్రికలవారితో ఘనంగా చెప్పుకొన్నాడు. ఏడాది తిరుగక ముందే ఫిర్యాదులు మొదలైనవి. డబ్బాల అతుకులవద్ద ద్రావణం కారినది. నికెలు పదార్థంలో విద్యుత్తు పారుటకై కలిపిన గ్రాఫైటు క్రమంగా పాడై, ఘటం శక్తి తరిగినది. ఎడిసన్ ఉత్పత్తిని నిలిపివేసి, లోపమున్న ఘటములను తిరిగి కొనివేసినాడు. నా దృష్టిలో దీపాన్ని వెలిగించిన రాత్రికంటె ఈ నిర్ణయం తీసికొన్న దినం గొప్పది. అప్పటికే ప్రపంచ ప్రఖ్యాతుడైన వృద్ధుడు, తాను ఊరూరా చాటిన వస్తువు పనికిరానిదని డబ్బు వాపసు ఇచ్చి ఒప్పుకొనుట సామాన్యము కాదు.

ఆ తరువాత మరి నాలుగైదేండ్లు. గ్రాఫైటు స్థానంలో శుద్ధమైన నికెలు రేకులు వేయవలెనని తోచినది. ఒక స్తంభంపై రాగిపూత, దానిపై నికెలు పూత, మరల రాగి, మరల నికెలు, ఇట్లు పొరలు పొరలుగా విద్యుత్తుతో పూతవేసి, పిదప రాగిని కరిగించివేసినచో కాగితంకంటె ఎన్నో రెట్లు పలుచనైన నికెలు రేకులు మిగులును. రంధ్రాలు గల ఉక్కు గొట్టాలలో నికెల్ హైడ్రాక్సైడును, ఈ రేకులను వంతులవారీగా వందల పొరలు దట్టించినారు. పొటాషియం హైడ్రాక్సైడు ద్రావణానికి కొద్దిగా లిథియం హైడ్రాక్సైడు కలుపగా ఘటం శక్తి పెరిగినది. తయారైన బ్యాటరీలను యంత్రంతో మాటిమాటికి పైకెత్తి క్రింద పడవేసి పరీక్షించినారు. 1909లో కొత్త ఘటం వెలువడినప్పుడు ఎడిసన్‌కు అరువదిరెండేండ్లు.

ఇక ఈ ఘటం స్వభావాన్ని గూర్చి. సీసపు ఘటం ఒక్కొక్కటి సుమారు 2 వోల్టులు. ఆరు కలిపితే 12 వోల్టుల బ్యాటరీ. దానిని నింపుటకు 14.4 వోల్టుల ప్రాంతం కావలెను. ఎడిసన్ ఘటం 1.2 వోల్టులే, 12 వోల్టులకు పది ఘటములు పేర్చవలెను. నింపునప్పుడు ఒక్కొక్క ఘటం 1.65 నుంచి 1.7 వోల్టులదాకా కోరును, అనగా పదింటికి 16.5 నుంచి 17 వోల్టులు. రెండును 12 వోల్టుల బ్యాటరీలే; కాని ఒకదాని ఛార్జరు రెండవదానికి పనికిరాదు. సీసపు ఛార్జరుతో ఎడిసన్ బ్యాటరీ సగం ఆకలితో ఉండిపోవును. ఎడిసన్ ఛార్జరుతో సీసపు బ్యాటరీ ఉడికిపోవును. బ్యాటరీ మీద వ్రాసిన సంఖ్య దాని పేరు మాత్రమే. నింపునప్పుడు అది కోరే వోల్టేజీయే దాని గుణం.

ఆనాడు ఈ వోల్టేజీని సవరించుట ఎట్లు? ఊరిలో 110 వోల్టుల ఏకముఖ విద్యుత్తు ఉన్నచో, బ్యాటరీకి శ్రేణిలో నిరోధపు చుట్టనో, దీపాల వరుసనో కలిపేవారు. 14 వోల్టుల బ్యాటరీని ఆ విధంగా నింపితే వచ్చిన శక్తిలో నూటికి ఎనభై పాళ్ళకు పైగా ఊరక వేడిగా పోవును. పైగా ఘటం నిండుతున్న కొలది రియోస్టాటును సవరించుటకు మనిషి దగ్గర కూర్చొనవలెను. ఆ మనిషి నిద్రపోయినను ఘటం బ్రతికి ఉండవలెనన్నదే ఎడిసన్ ఆశయం.

ఇక్కడ నా అనుభవం ఒకటి. విద్యార్థిగా ఉన్నప్పుడు పొటెన్షియోమీటరు ప్రయోగానికి కావలసిన సీసపు సంచాయక ఘటములను నింపే బాధ్యత ఒక సాయంత్రం నేను తీసికొన్నాను. ఆ పాత రెక్టిఫయరుకు వోల్టేజీ హద్దు లేదు. ఆపివేయుట మరచి ఇంటికి వెళ్ళిపోయినాను. తెల్లవారి తలుపు తెరవగానే ఘాటైన ఆమ్లపు వాసన. మూడు ఘటములలో నీరు ఇగిరి పలకలు వంకర తిరిగి ఉన్నవి. ఎడిసన్ ఏమి కోరుకొన్నాడో నాకు నిజంగా అర్థమైనది ఆ ఉదయమే.

అయినను మోటారు బండ్ల పోటీలో ఎడిసన్ ఘటం ఓడినది. ధర ఎక్కువ, చలిలో శక్తి తగ్గును, ఒక్కసారిగా పెద్ద విద్యుత్ ప్రవాహం ఇవ్వలేదు. 1908లో హెన్రీ ఫోర్డ్ చౌకయైన మోడల్ టి బండిని తెచ్చినాడు. ఈ ఫోర్డ్ ఒకప్పుడు డెట్రాయిట్‌లోని ఎడిసన్ విద్యుత్ సంస్థలో ఇంజనీరు. 1896లో ఒక విందులో ఎడిసన్ ఆయన గాసొలిన్ బండి ఆలోచనను మెచ్చి వెన్నుతట్టినాడు. శిష్యుని విజయమే గురువు బ్యాటరీకి గండమైనది. 1912లో కాడిలాక్ బండికి కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు వచ్చినది. దానికి కావలసిన క్షణకాలపు భారీ ప్రవాహాన్ని ఇవ్వగలిగినది ఎడిసన్ నిందించిన సీసపు ఘటమే. గాసొలిన్ బండి బానెటు క్రింద అది స్థిరనివాసం ఏర్పరచుకొన్నది. 1914లో ఫోర్డ్, ఎడిసన్‌లు కలిసి విద్యుత్ బండి చేయబోతున్నారన్న వార్త వెలువడినది కాని ఆ ప్రయత్నం ఫలించలేదు. గని కార్మికుల తలదీపాలు, రైల్వే సంకేతాలు, గిడ్డంగుల బండ్లు ఎడిసన్ ఘటానికి ఆశ్రయమైనవి.

ఒక విషాదం కూడ చెప్పక తప్పదు. 1916 జనవరి 15న బ్రూక్లిన్ నౌకా కేంద్రంలో ఇ-2 అనే జలాంతర్గామిలో పేలుడు సంభవించి పలువురు మరణించినారు. అందులో ఉన్నవి ఎడిసన్ బ్యాటరీలు. పరీక్షల సమయంలో వాటినుంచి వెలువడిన హైడ్రోజన్ మూసిన గదిలో చేరి అంటుకొన్నది. తన ఘటం లోపమా, గాలి ఆడనీయని వారి లోపమా అన్నదానిపై వాదాలు నడిచినవి. ఏ ద్రవఘటమైనను నిండిన తరువాత ఇంకను ప్రవాహం పంపినచో నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ వెలువడును. అతిగా నింపినను చెడని ఘటమన్నది నిజమే. దాని ప్రక్కన నిలబడిన మనిషికి ఆ హామీ లేదు.

ఇప్పుడు గుడారాల కథకు వస్తాను. 1914 నుంచి 1924 వరకు ఎడిసన్, ఫోర్డ్, టైర్ల వ్యాపారి హార్వే ఫైర్‌స్టోన్, ప్రకృతి రచయిత జాన్ బరోస్ వేసవులలో మోటారు బండ్ల బారుతో అడవులకు, కొండలకు యాత్రలు చేసేవారు. తమకు తామే సంచారులని పేరు పెట్టుకొన్నారు. ఏ యేడు ఎవరు వచ్చినను రాకున్నను, 1918లో అపలేచియన్ కొండలకు నలుగురును వెళ్ళినారు. బరోస్ 1921 మార్చిలో మరణించినాడు. ఆ జూలైలో మేరీలాండ్ శిబిరానికి దేశాధ్యక్షుడు హార్డింగ్ వచ్చినాడు. ముందు బండిలో డ్రైవరు ప్రక్కన ఎడిసన్ కూర్చొని, దిక్సూచి చేతబట్టి, మంచి రోడ్డు ఉండగా గతుకుల దారి ఎన్నుకొనేవాడు. సామగ్రి బండిలో వంటపొయ్యి, మంచుపెట్టె. భోజనానికి నడుమ భాగం తిరిగే పెద్ద గుండ్రని బల్ల. రాత్రి కాగానే గుడారాలలో విద్యుద్దీపాలు వెలిగేవి. తీగలు, దీపాలు, బ్యాటరీలు ఎడిసన్ వంతు. పెర్ల్ వీధి తీగ చేరని అడవిలో ఆయన డబ్బాలు వెలుగునిచ్చినవి. నేటి యాత్రావాహనాలకు పూర్వీకులలో ఈ బండ్ల బారు ఒకటని చెప్పుట అతిశయోక్తి కాదు. వారు వాడిన 1922 నాటి లింకన్ శిబిర వాహనం డియర్‌బార్న్‌లోని ఫోర్డ్ మ్యూజియంలో ఉన్నది.

ఆ అడవిలో ఎడిసన్‌కు లేనిది, మన ప్రయోగశాల బల్లమీద ఉన్నది ఒకటి కలదు. అది వోల్టేజీని, ప్రవాహాన్ని వేరువేరు మరలతో సవరించగల ఏకముఖ విద్యుత్ సరఫరా పెట్టె. యాత్రావాహనం కలవారు పలువురు దానినే ఛార్జరుగా వాడుకొంటారు. 100 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీ సగం ఖాళీ అయినదనుకొందాము. ముందు బ్యాటరీని కలుపకుండా ప్రవాహపు హద్దును బ్యాటరీ శక్తిలో పదోవంతుకు, అనగా 10 ఆంపియర్లకు, పెట్టవలెను. వోల్టేజీని బ్యాటరీ ప్రస్తుత వోల్టేజీకి దగ్గరగా తెచ్చి అప్పుడు తీగలు తగిలించినచో నిప్పురవ్వ లేవదు. ధనధ్రువం ధనానికి, ఋణధ్రువం ఋణానికి. ఇక్కడ పొరపడితే పెట్టె, తీగలు రెండూ కాలును. తరువాత వోల్టేజీ మరను 14.4కు త్రిప్పవలెను. సుమారు అయిదు గంటలు ప్రవాహం 10 ఆంపియర్లవద్దనే నిలిచి వోల్టేజీ మెల్లగా పెరుగును. 14.4 చేరిన పిమ్మట వోల్టేజీ కదలదు, ప్రవాహమే తగ్గుతూ వచ్చును. అది ఒకటి రెండు ఆంపియర్లకు దిగినప్పుడు బ్యాటరీ నిండినట్లు. అంతట 13.6కు తగ్గించి అట్లే ఉంచవచ్చును. మన మే నెల ఎండలలో ద్రవం నలభై డిగ్రీలకు వేడెక్కినచో ఈ అంకెలను సుమారు మూడు పదోవంతుల వోల్టు తగ్గించుట మేలు.

ఆ పెట్టెతోనే, మరను 16.5కు త్రిప్పి, ఎడిసన్ ఘటములను కూడ నింపవచ్చును. అప్పుడు మాత్రం వాహనంలోని దీపాలు, శీతలపేటిక బ్యాటరీనుంచి విడదీయవలెను; 12 వోల్టుల పరికరాలు అంత వోల్టేజీకి ఓర్వవు. నేడు ప్రచారంలోకి వచ్చిన లిథియం ఇనుప ఫాస్ఫేటు బ్యాటరీకి మరల 14.4 ప్రాంతమే సరిపోవును కాని, నిండిన తరువాత విడిచివేయవలెను. గడ్డకట్టే చలిలో దానిని నింపనే కూడదు. పని ముగిసిన పిమ్మట ముందు బ్యాటరీ తీగలు విప్పి, ఆ తరువాతనే పెట్టెను ఆపవలెను. లేనిచో కొన్ని పెట్టెలలోనికి బ్యాటరీయే తిరిగి ప్రవాహం పంపును. ఏది చేసినను కిటికీ తెరచియుంచవలెను. ఇ-2 జలాంతర్గామిలో పోయిన ప్రాణాలు ఆ కిటికీ విలువ.

ఎడిసన్ 1931 అక్టోబరు 18న వెస్ట్ ఆరెంజ్‌లోని తన ఇంట ఎనుబదినాలుగవ ఏట మరణించినాడు. అంత్యక్రియలనాటి రాత్రి అధ్యక్షుడు హూవర్ కోరికపై అమెరికా అంతటా జనులు ఒక నిమిషం పాటు దీపాలు ఆర్పుకొన్నారు. ఆయన బ్యాటరీ కర్మాగారం ఆయన తరువాత నలభై సంవత్సరాలకు పైగా నడిచినది. 1972లో దానిని ఎక్సైడ్ సంస్థ కొన్నది. ఎక్సైడ్ సంస్థది సీసపు బ్యాటరీల వ్యాపారం. ఎడిసన్ ఎదిరించినది దాని పూర్వరూపాన్నే. 1975లో ఎక్సైడ్ వారు నికెలు-ఇనుము ఘటముల తయారీని నిలిపివేసినారు. ఆ కర్మాగారంలో తయారైన ఘటములు కొన్ని, ద్రావణం మార్చి నింపితే, ఇప్పటికిని దీపం వెలిగిస్తున్నవి.